పెగూ మువ్వలు – మనం నవ్వుకున్న మిషను కథ

ఈసారి పోస్టు పెద్దది. ఆదివారం నాడు తీరిగ్గా చదువుకోండి. పక్కన పిల్లలుంటే తర్వాత చదవండి. బూతు ఏమీ లేదు, కానీ విషయం పెద్దోళ్లది.

ముందు ఎలా మొదలైందో చెప్తాం. పోయిన నెల ఎనిమిదో అంతస్తు స్లాబు పోస్తున్నాం. సగం పోశాక నీడిల్ కాలిపోయింది. కాంక్రీటు పోసేటప్పుడు లోపల పెట్టి అదిలించే ఆ గొట్టం లేకపోతే స్లాబు నిండా బొక్కలే, అది మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. మా కుర్రాడొకడు ఫోన్లో "వైబ్రేటర్ ధర" అని కొట్టాడు. వచ్చింది కాంక్రీటుది కాదు. గులాబీ రంగుది, ఊదా రంగుది, ఏవేవో వచ్చాయి. వాడు తెల్లమొహం వేసుకుని మా దగ్గరికి తెచ్చాడు. ఇక చూస్కోండి. ఇసక మోసే బర్మా ఆడోళ్లతో సహా సైట్లో అందరూ నవ్వులే. ఆ రోజు కాంక్రీటు గడ్డకట్టకుండా ఎలా లాక్కొచ్చామో ఆ దేవుడికే తెలుసు.

రాత్రి రూములో కూడా అదే ముచ్చట. ఒక్కడు మాత్రం నవ్వలేదు. మాకు తమ్ముడి వరస. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తొమ్మిది రోజులుగా ఇంటికి ఫోన్ చెయ్యడం లేదని అప్పుడు తెలిసింది. ఏమైందిరా అని అడగ్గా అడగ్గా చెప్పాడు. వాడి భార్య ఫోన్లో అలాంటి వస్తువు చూసిందట. "ఇది మంచిదేనా, వాడితే ఏమైనా అవుతుందా" అని మొగుడేగదా అని వాడినే అడిగింది. వీడు ఫోన్ పెట్టేశాడు. "నాను బతికుండగా దానికి మిషనేటి బావా?" అని ఏడుపు గొంతుతో అన్నాడు. ఎవరికీ నోట మాట రాలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నిరుడు మా పక్క బ్లాకులో పనిచేసే కుర్రాడు ఇంటికి వెళ్లే ముందు గోలీ వేయించుకున్నాడు. గోలీ అంటే మందు గోలీ కాదు. ఇక్కడ ఓడల్లో పనిచేసేవాళ్లు, జైలుకి వెళ్లొచ్చినవాళ్లు కొందరు మగ అంగం చర్మం కింద కోసి గాజుపూసో, ప్లాస్టిక్ ముక్కో అరగదీసి పెట్టించుకుంటారు. దాన్ని ఇక్కడోళ్లు కూడా గోలీ అనే అంటారు, మన గోలీకాయల గోలీయే. పెళ్లాం సంతోషపడుతుందని ఎవడో చెప్పాడట. డాక్టరు చేసింది కాదు, ఒక గదిలో బ్లేడుతో చేశారు. నాలుగో రోజుకి జ్వరం, వాపు, చీము. మేమే టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. రెండు పూసలు తీసేశారు. మూడు వారాలు పని లేదు, జీతం లేదు. ఆ అమ్మాయిని ఒక్క మాటైనా అడిగావా, ఆమెకి కావాలందా అంటే వాడు నోరు తెరవలేదు.

ఒకడు అడగకుండా కోసుకున్నాడు. ఇంకొకడు ఆమె అడిగితే ఫోన్ పెట్టేశాడు. ఈ రెండూ కలిపి ఆలోచిస్తుంటే మా రూములో పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లం కొందరం ఈ సంగతి చరిత్ర తవ్వాం. పదో తరగతి చదువులతో ఏం తవ్వుతారు అనకండి. ఫోన్ ఉంది, కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంకు ఉంది, ఆదివారాలు ఉన్నాయి. తవ్వితే తేలిందేమిటంటే, ఈ రకం వస్తువుల కథలో మనం ఉన్న ఈ దేశం పేరు కూడా వస్తుంది.

యాంగోన్ నుంచి ఈశాన్యంగా ఎనభై కిలోమీటర్లు వెళ్తే బగో. మనలో చాలామంది అక్కడి పెద్ద పడుకున్న బుద్ధుణ్ని చూసొచ్చారు. దాని పాత పేరు పెగూ. అప్పట్లో అది పెద్ద రాజధాని. మనం రోజూ వంతెన దాటి వెళ్లే తన్లిన్‌ని అప్పుడు సిరియం అనేవారు, పెగూకి అదే ఓడరేవు. యాంగోన్ అప్పటికి డగోన్ అనే చిన్న ఊరు. 1755లో అలౌంగ్‌పయా రాజు యాంగోన్ అని పేరు మార్చాడు. మన తాతలు దాన్నే రంగం అన్నారు.

1400ల మొదటి సగంలో వెనీసు నుంచి నికోలో దె కాంటి అనే వర్తకుడు ఈ దేశం వచ్చాడు. పైన మాండలే పక్కనున్న అవా దాకా వెళ్లాడు. తిరిగి ఇటలీ వెళ్లాక పోప్ దగ్గర పనిచేసే పోజ్జో అనే పండితుడికి తను చూసినవన్నీ చెప్తే ఆయన రాసిపెట్టాడు. అందులో ఉంది ఈ సంగతి. అవాలో ఆడవాళ్లు నడిపే దుకాణాలున్నాయి, వాటిలో బంగారం, వెండి, ఇత్తడితో చేసిన చిన్న కాయంత మువ్వలు అమ్ముతారు. పెళ్లికి ముందు మగవాడు అక్కడికి వెళ్లి అంగం చర్మం కింద కోయించుకుని వాటిని పెట్టించుకోవాలి. డజను దాకా కూడా పెట్టేవారట. కుట్టేస్తే కొద్దిరోజుల్లో మానిపోతుంది. లేకపోతే పిల్లని ఇవ్వరు. కాంటీని కూడా పెట్టించుకోమని బలవంతం చేశారు. నా నొప్పితో ఇంకొకరి సుఖం నాకొద్దు అని ఆయన తప్పుకున్నాడు. మన గోలీ కుర్రాడికి ఈ కథ చెప్తే, "ఆ ముసలాడు నాకన్నా తెలివైనోడు" అన్నాడు.

కాంటీ ఒక్కడే చెప్పి ఉంటే కట్టుకథ అని వదిలేసేవాళ్లం. కానీ చాలామంది చెప్పారు. చైనా నావికుడు జెంగ్ హెతో పాటు తిరిగిన మా హువాన్, సయాం అంటే ఇప్పటి థాయ్‌లాండ్ గురించి రాస్తూ ఇదే చెప్పాడు. మామూలువాళ్లు తగరపు పూసలు, రాజులు, డబ్బున్నోళ్లు బోలు బంగారు పూసలు పెట్టుకుంటారు. బోలు పూసలో ఇసక గింజ వేస్తారు, నడుస్తుంటే శబ్దం వస్తుంది, అదే గొప్ప. 1512 తర్వాత మలక్కాలో ఉన్న పోర్చుగీసు మందుల వ్యాపారి తొమె పిరెస్, పెగూ వాళ్లు వస్తున్నారంటే అక్కడి ఆడవాళ్లకి పండగే అని రాశాడు. పెగూ దొరలు తొమ్మిది బంగారు మువ్వల దాకా, ఒక్కోటి ఒక్కో స్వరంలో మోగేలా పెట్టుకుంటారట. డబ్బు లేనివాడికి సీసం.

1580లలో లండన్ వర్తకుడు రాల్ఫ్ ఫిచ్ మనలాగే బెంగాలు మీదుగా పెగూ దేశానికి ఓడలో వచ్చాడు. ష్వేడగోన్ గుడి చూసి లోకంలోనే ఇంత అందమైన చోటు లేదనుకున్నాడు. ఆయన రాసినదాని ప్రకారం ఇరవై ఐదు, ముప్పై ఏళ్ల వయసులో ఇవి పెట్టించుకుంటారు. చిన్నది చిన్న అక్రోటు కాయంత, పెద్దది చిన్న కోడిగుడ్డంత. వెండివి రాజుకీ, దొరలకీ. పేదోళ్లకి సీసంతో చేసిన చౌకరకం, అది సరిగా మోగదు కూడా. రాజు ఒక్కోసారి తనది తీసి దొరకి బహుమతిగా ఇస్తాడు, వాడు దాన్ని మహా ప్రసాదంలా దాచుకుంటాడు. ఇది చదివినప్పుడు మా రూము అంతా గొల్లుమంది. మన మేస్త్రీ తన పాత హెల్మెట్ మనకిచ్చి మురిసిపోయినట్టు!

నవ్వు పక్కన పెడితే సీసం అన్న మాట దగ్గర ఆగాలి. సీసం ఒంట్లో చేరితే విషం అని ఇప్పుడు మనకి తెలుసు. పాత పెయింటు గీకేటప్పుడు మాస్కు పెట్టుకోమని సేఫ్టీ ఆఫీసరు చెప్పేది అందుకే. ఆ రోజుల్లో రాజుకి వెండి, కూలోడికి సీసం. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఇదంతా ఎందుకు చేసేవారు? మగవాళ్లు మగవాళ్లతో పోకుండా ఉండటానికి రాణి పెట్టిన కట్టుబాటు అని తెల్లవాళ్లు కొందరు రాశారు. అది మాకు నమ్మబుద్ధి కాలేదు, ఊరికి కొత్తగా వచ్చినోడికి ఎవడో చెప్పిన సమాధానంలా ఉంది. ఆంథొనీ రీడ్ అని ఈ ప్రాంతాల చరిత్ర రాసిన ఆయన 1988 పుస్తకంలో ఇంకో మాట చెప్పాడు. ఈ చుట్టుపక్కల దేశాల్లో అప్పట్లో వ్యాపారం ఆడవాళ్ల చేతుల్లో ఉండేది, పెళ్లిలో, విడాకుల్లో వాళ్ల మాట చెల్లేది, పడకలో కూడా తమకేం కావాలో చెప్పే పట్టు ఉండేది, అందుకే మగవాడు ఇంత నొప్పి పడ్డాడు అని. బజార్లకి వెళ్తే మనకి కనిపించేది కూడా అదే కదా, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆడవాళ్లే. 1600ల తర్వాత మువ్వల మాట రాసేవాళ్లు తగ్గిపోయారు. ఓడల్లో, జైళ్లలో ఈ గోలీ ఒక్కటి మిగిలింది.

ఇప్పుడు అసలు మలుపు. మగవాడి చర్మంలోంచి ఈ మువ్వ బయటికి వచ్చి వస్తువుగా మారింది చైనాలో. చైనావాళ్లు దాన్ని మియన్ లింగ్ అన్నారు. మియన్ అంటే బర్మా, లింగ్ అంటే మువ్వ. 1600ల మొదట్లో అచ్చయిన జిన్ పింగ్ మెయ్ అనే పెద్ద నవలలో కూడా ఇది వస్తుంది. బోలు లోహపు ఉండ, లోపల ఇంకేదో కదిలే బరువు. చేతి వెచ్చదనం తగిలితే దానంతట అదే వణుకుతుందని చెప్పుకునేవారు. కోసుకోవడం లేదు, కుట్టడం లేదు, ఆడమనిషి లోపల పెట్టుకుని తియ్యొచ్చు. బ్యాటరీ లేదు, మోటారు లేదు, ఒళ్లు కదిలితే అదీ కదులుతుంది. ఇప్పటికీ ఇలాంటి ఉండలు బెన్ వా అనే పేరుతో అమ్ముతున్నారు. లోపల పెట్టే వైబ్రేటరుకి ముత్తాత ఇదే అని మా లెక్క. దాని పేరులోనే ఈ దేశం పేరుంది.

"ఇదంతా పరాయి దేశాల వాళ్ల పైత్యం, మన దగ్గర లేదు" అని ఒకాయన రూములో అన్నాడు. లేకేం! వాత్స్యాయనుడి కామసూత్రం చివరి భాగంలో అపద్రవ్యాలు అని ఉన్నాయి. బంగారం, వెండి, రాగి, ఇనుము, ఏనుగుదంతం, గేదెకొమ్ము, కర్ర, తగరం, సీసంతో చేసినవి. ఏవీ లేకపోతే సొరకాయ గొట్టం, వెదురు గొట్టం నూనెతో నున్నగా చేసి నడుముకి కట్టుకోమన్నాడు. తగరం, సీసం చల్లగా, మెత్తగా ఉంటాయని ముందటి పండితుడు బాభ్రవ్యుడు అంటే, ఆ ఆడమనిషికి ఏది ఇష్టమైతే అది, కర్రదైనా సరే అని వాత్స్యాయనుడు అన్నాడు. చూశారా, ఆనాడే ఆమె ఇష్టం అన్న మాట వచ్చింది. అంగానికి బొక్క పెట్టుకోకపోతే సుఖం లేదని అనుకునేది ఎవరో కూడా రాశాడు. దాక్షిణాత్యులట, అంటే దక్షిణాదివాళ్లు. పిల్లలకి చెవులు కుట్టినట్టు కుట్టి, రక్తం ఆగేదాకా నీళ్లలో నిలబడమన్నాడు. బర్మావాణ్ని చూసి నవ్వే హక్కు మనకి లేదు.

అదే పుస్తకంలో ఒక హెచ్చరిక ఉంది, అది మన తెలుగు నేలని ఏలిన వంశం గురించే. కుంతల దేశపు శాతకర్ణి శాతవాహనుడు పడకలో ఆవేశంలో కత్తెర అనే దెబ్బ కొట్టి రాణి మలయవతిని చంపేశాడు. ఒక చోళరాజు ఇలాగే చిత్రసేన అనే వేశ్య ప్రాణం తీశాడు. నరదేవుడనేవాడు ఒక నాట్యగత్తె కన్ను పోగొట్టాడు. ఇవి దక్షిణాదివాళ్ల మొరటు అలవాట్లు, ప్రమాదం, వద్దు అని వాత్స్యాయనుడు తేల్చేశాడు. పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి సేఫ్టీ నోటీసు అనుకోండి. బడిలో శాతవాహనుల గురించి నాణేలు, స్తూపాలు చెప్పారు కానీ ఈ ముక్క చెప్పలేదు.

తర్వాత మన రంగం కాలం వచ్చింది. 1852లో ఇంగ్లీషువాళ్లు రంగూన్ తీసుకున్నాక కోరంగి, కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి మనవాళ్లు ఓడలెక్కారు. బర్మావాళ్లు తెలుగు కూలీలందరినీ కోరంగీలు అనే పిలిచారు. 1931 జనాభా లెక్కల నాటికి లక్ష దాటిన తెలుగువాళ్లు ఈ దేశంలో ఉన్నారు. రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో ఆడింది, రిక్షాలు లాగింది వాళ్లే. 1930 మే నెలలో కూలి పెంచమని రేవులో సమ్మె చేస్తే, దాని తర్వాత మే 26న మొదలైన కొట్లాటల్లో ఎంతమంది మనవాళ్లు చచ్చారో. 1942లో జపాను బాంబులు పడితే నడిచి వెళ్లారు. 1960లలో సర్కారు దుకాణాలు, వ్యాపారాలు లాక్కున్నాక మిగిలినవాళ్లలో చాలామంది వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఉంది చూడండి.

ఆ లక్షమందిలో ఆడవాళ్లు చాలా తక్కువ. ఒక్క గదిలో ఇరవై, ముప్పై మంది మగాళ్లు పక్కపక్కన పడుకునేవారు. ఇంటి దగ్గర పెళ్లాం రెండేళ్లు, మూడేళ్లు ఎదురుచూసేది. మగాళ్లు ఎక్కడికి పోయారో, ఏం రోగాలు తెచ్చారో సర్కారు నివేదికల్లో ఉంటుంది. ఊళ్లో ఉన్న ఆవిడ ఏమనుకుందో ఒక్క కాగితం మీదా లేదు. ఆమెకి చదువు లేదు, ఉత్తరం రాయించాలంటే పోస్టుమాస్టరు రాయాలి. పోస్టుమాస్టరుతో ఏం రాయిస్తుంది? మన తమ్ముడి భార్య చేతిలో ఫోన్ ఉంది, అడగగలిగింది. నూట యాభై ఏళ్లలో మనవాళ్ల ఇళ్లలో వచ్చిన తేడా అదొక్కటే అనిపిస్తుంది మాకు.

కరెంటు మిషను సంగతి త్వరగా చెప్పేస్తాం. 1880లలో లండన్‌లో జోసెఫ్ మార్టిమర్ గ్రాన్‌విల్ అనే డాక్టరు కండరాల నొప్పులకి వణికే కరెంటు మిషను చేశాడు. ఆడవాళ్ల మీద వాడనని తన పుస్తకంలో తనే రాశాడు. కానీ పాతకాలం డాక్టర్లు హిస్టీరియా జబ్బుకి ఆడవాళ్ల మీద ఇదే వాడేవాళ్లని 1999లో రేచల్ మెయిన్స్ ఒక పుస్తకం రాసింది. దాని మీద సినిమా కూడా తీశారు. 2018లో లీబర్‌మన్, షాట్జ్‌బెర్గ్ అనే ఇద్దరు ఆమె చూపించిన ఆధారాలన్నీ ఒక్కొక్కటిగా తిరగేసి, అందులో అలా ఎక్కడా లేదని చెప్పారు. మనం కూడా ముందు ఆ కథే నమ్మి పోస్టు రాయబోయాం. పరువు దక్కింది. 1918 నాటికి అమెరికాలో సియర్స్ క్యాటలాగులో ఫ్యాను, మిక్సీ లాంటి సామాన్ల పక్కనే వైబ్రేటరు ఒళ్లు పట్టుకునే మిషనుగా అమ్మారు. 1968లో హిటాచీ కంపెనీ మ్యాజిక్ వాండ్ తెచ్చింది. అవును, మన హిటాచీయే, మట్టి తవ్వే బండి హిటాచీ! అది కూడా నొప్పులకే అన్నారు, ఆడవాళ్లు వేరే పని కనిపెట్టారు. అది బయట పెట్టుకునేది, లోపలికి కాదు.

లోపలికి పెట్టేవి వంకరగా ఎందుకుంటాయంటే, 1950లో గ్రాఫెన్‌బెర్గ్ అనే డాక్టరు యోని ముందు గోడవైపు, పొట్ట వైపు, మూత్రనాళం పక్కన కొందరికి స్పర్శ ఎక్కువని రాశాడు. 1982లో వచ్చిన ఒక పుస్తకం దానికి జీ స్పాట్ అని పేరు ప్రచారం చేసింది. అక్కడ వేరే అవయవం ఏదో ఉందనేది తేలలేదు. ఆస్ట్రేలియాలో హెలెన్ ఓకానెల్ అనే సర్జను 1998లో చూపించింది ఏమిటంటే, బయట చిన్న గింజలా కనిపించే క్లిటోరిస్ లోపల చాలా పెద్దది, దాని కొమ్మలు యోనికి రెండు పక్కలా ఉంటాయి. చాలామంది ఆడవాళ్లకి లోపల ఒక్కటే పెడితే చాలదు, బయటి స్పర్శ కావాలి. ఇది మొగుడి తప్పు కాదు, ఆమె లోపమూ కాదు. ఒంటి కట్టడమే అంత. డ్రాయింగు చూడకుండా బిల్డింగు కట్టి, గోడ వంకరైందని గోడని తిట్టే మేస్త్రీల్లాంటి వాళ్లం మనం.

ఇక ఎంచుకునేది, వాడేది. డాక్టర్లు, నర్సులు రాసినవి చదివి మనకి అర్థమైనట్టు చెప్తున్నాం.

మొదట సరుకు. పైన సీసం గుర్తుందా? ఇప్పటి సీసం జెల్లీలా మెత్తగా, ప్లాస్టిక్ వాసన కొట్టే చౌకరకం. ఆ మెత్తదనం కోసం పీవీసీలో థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు, అవి కారి ఒంటికి తగులుతాయి. పైగా దానికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి, ఎంత కడిగినా మురికి లోపలే ఉంటుంది. నాణ్యమైన సిలికాన్, గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్, స్టీలు అయితే రంధ్రాలుండవు, కడిగితే శుభ్రం అవుతాయి. విపరీతమైన వాసన, జిగట, అతుకు దగ్గర అంచు తగిలితే అది వద్దు. వేలితో మొత్తం తడిమి చూడాలి, షట్టరింగు ప్లేటుకి బొబ్బ ఉందేమో మనం చూసినట్టు. 2021లో ఐఎస్ఓ 3533 అని ఈ వస్తువులకే ఒక ప్రమాణం కూడా వచ్చింది. సిమెంటు బస్తా మీద మార్కు చూస్తాం కదా, ఇదీ అంతే.

పెద్దది కొంటే గొప్ప కాదు. మొదటిసారి సన్నది, రెండు వేళ్ల మందం మించనిది, కొస గుండ్రంగా ఉన్నది చాలు. వేగం తక్కువ నుంచి పెంచేది ఉండాలి. నీళ్లలో కడగడానికి వీలైనది ఉంటే మంచిది. లోపలికి పెట్టేదానికి పట్టుకునే పిడి ఉండాలి. యోని లోపల చివర మూసే ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టింది ఒంట్లోకి పోదు. వెనక దారి అలా కాదు, లోపలికి పోతూనే ఉంటుంది. అక్కడ పెట్టేదానికి అడుగు వెడల్పుగా ఉండి తీరాలి. పొరపాటున ఏదైనా లోపలికి జారిపోతే చెంచాలు, కొక్కేలు పెట్టి లాగొద్దు. సిగ్గు వదిలి ఆస్పత్రికి వెళ్లాలి. డాక్టర్లు ఇలాంటివి చూస్తూనే ఉంటారు.

వాడే ముందు, తర్వాత గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. మోటారు ఉన్నదాన్ని మరిగించకూడదు. యోని లోపల మాత్రం సబ్బు, డెట్టాలు పోయొద్దు. పొడిగా ఉంటే నీళ్ల రకం జెల్ మందుల షాపులో దొరుకుతుంది. సిలికాన్ వస్తువుకి సిలికాన్ జెల్ వాడితే పైపొర పాడవుతుంది. కొబ్బరినూనె, వేజలీను రాస్తే రబ్బరు కండోము చిరుగుతుంది. ఇద్దరు వాడినా, వెనక నుంచి ముందుకి మార్చినా, వస్తువుకి కొత్త కండోము తొడగాలి, లేదంటే పూర్తిగా కడగాలి. వెనక క్రిములు ముందుకొస్తే మూత్రంలో మంట పట్టుకుంటుంది. ఒకరి వస్తువు ఇంకొకరు కడగకుండా వాడితే సుఖరోగాలు కూడా అంటుకుంటాయి.

నీడిల్‌ని ఒకే చోట ఎక్కువసేపు పెడితే ఏమవుతుందో మనకి తెలుసు, కంకర కిందికి, పాలు పైకి. ఒళ్లు కూడా అంతే, ఎక్కువ వేగంతో ఎక్కువసేపు పెడితే మొద్దుబారుతుంది. కాసేపు ఆపితే మళ్లీ మామూలే, శాశ్వతంగా చెడిపోదు. నొప్పి, రక్తం, మంట వస్తే ఆపెయ్యాలి. షుగరు ఉన్నవాళ్లకి స్పర్శ తగ్గి దెబ్బ తెలియకపోవచ్చు, జాగ్రత్త. కాన్పు అయ్యాక గాయం మానేదాకా, కనీసం ఆరు వారాలు, డాక్టరుని అడిగాకే. గర్భంతో ఉండి రక్తం కనపడినా, మాయ కిందికి ఉందని చెప్పినా లోపల ఏదీ పెట్టకూడదు. చార్జింగులో ఉండగా వాడొద్దు. ఇంటి దగ్గర చేతికందిన కూరగాయలు, సీసాలు, పెన్నులు వాడే అలవాటు కొందరికి ఉంటుంది. గాజు పగులుతుంది, మూత ఊడిపోతుంది. వాత్స్యాయనుడి సొరకాయకి నూనె రాసి నున్నగా చేసే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు.

గోలీ మాత్రం ఎవరూ వేయించుకోకండి. గదిలో బ్లేడుతో కోసేది ఒకడి నుంచి ఇంకొకడికి హెచ్ఐవి, కామెర్లు అంటిస్తుంది. కండోము చిరుగుతుంది. ఆడమనిషికి లోపల గీరుకుంటుంది. నూనె ఇంజెక్షన్లు ఇంకా ఘోరం, గడ్డలు కట్టి అంగమే పోగొట్టుకున్నవాళ్లున్నారు.

చట్టం మాట. ఈ దేశంలో ఇంకా ఇంగ్లీషువాడి పీనల్ కోడే, అందులో 292 సెక్షన్ అశ్లీల వస్తువులు అమ్మడం, దిగుమతి చెయ్యడం గురించి. వలస వచ్చినవాళ్లం, ఇక్కడ కొని పెట్టెలో వేసుకుని తిరిగే సాహసం వద్దు. మన దేశంలో అదే 292 ఉండేది, 2024 జులై నుంచి కొత్త న్యాయ సంహితలో 294 అయింది. అక్కడ బాడీ మసాజరు పేరుతో వచ్చిన సరుకుని కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే, 2024లో బొంబాయి హైకోర్టు కస్టమ్స్ వాదన ఒప్పుకోలేదు. అందుకని కావాలంటే ఆమే అక్కడే, తనకి నచ్చింది, తన పేరుతో తెప్పించుకోవడం మేలు. మనం ఇక్కణ్నుంచి మోసుకెళ్లాల్సిన బంగారం వేరే ఉంది.

తమ్ముడి సంగతి అడుగుతారని తెలుసు. మొన్న ఆదివారం ఇదంతా వాడికి చదివి వినిపించాం. కాంటీ దగ్గర నవ్వాడు, రంగం ఆడవాళ్ల దగ్గర తల దించుకున్నాడు. "అది నన్ను వద్దనలేదు గదా బావా, మంచిదా కాదా అని అడిగిందంతే" అన్నాడు. లేచి మెట్ల మీదికి వెళ్లి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడుకున్నారో మేము వినలేదు, వినకూడదు కూడా. తర్వాత వాడు చెప్పిన ఒక్క ముక్క రాయమన్నాడు. రెండో కాన్పు తర్వాత ఆమెకి కలిసినప్పుడల్లా నొప్పి ఉండేదట, నాలుగేళ్లుగా. వీడికి చెప్పలేదు. ఏడాదికి ఒకసారి వచ్చే మనిషికి ఎలా చెప్తాననుకుంది. ముందు లేడీ డాక్టరుకి చూపించుకుంటానంది. వచ్చే బుధవారం వెళ్తుంది, ఆటో డబ్బులు, ఫీజు వీడు పంపాడు. మిగతాది తర్వాత మాట్లాడుకుంటారట.

గంటన్నర తర్వాత లోపలికి వచ్చాడు. మాట అయిపోయి కాదు, చార్జింగు అయిపోయి. పవర్ బ్యాంకు తీసుకుని మళ్లీ మెట్ల మీదికి వెళ్లిపోయాడు.